ఉంగరం వేలు, చిటికెన వేలు

ఆ ఆసుపత్రిలో పక్కలమ్మను ఎరగనివాళ్ళు లేరు. అసలు పేరేమిటని అడిగితే మాత్రం జీతాల గుమాస్తా కూడా రిజిస్టరు తిరగెయ్యాల్సిందే. మూడో అంతస్తులో లేవలేని రోగుల వార్డు ఉంది. ఇరవై మంచాలు. పక్షవాతం వచ్చినవాళ్ళు, నడుం విరిగినవాళ్ళు, వయసు మీదపడి ఒళ్ళు మాట విననివాళ్ళు. వాళ్ళను రెండు గంటలకొకసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఒత్తిగిలించాలి. లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. ఇరవయ్యారేళ్ళుగా ఆ పక్కలు మార్చడమే పనిగా పెట్టుకున్న ఆయాకి పక్కలమ్మ అని కాక మరేం పేరొస్తుంది?

మనిషి పొట్టి, గొంతు పెద్దది. వార్డులో ఆమెకంటే ముందు ఆమె గొంతు అడుగుపెట్టేది. "నాలుగో మంచం పెద్దాయనా, తిప్పుతున్నా, ఊపిరి వదులు" అని చెప్పకుండా ఎవరి ఒంటి మీదా చెయ్యి వేసేది కాదు. స్పృహ ఉన్నవాళ్ళకీ అదే మాట, లేనివాళ్ళకీ అదే మాట. వినపడనివాళ్ళ కోసం ఎందుకక్కా గొంతు చించుకుంటావు అని కొత్తగా చేరిన ఆయా ఒకామె అంటే, వినపడట్లేదని వాళ్ళొచ్చి నీకు చెప్పారా అని అడిగింది.

ఈ విద్యంతా పెద్దసిస్టరు పెట్టిన భిక్ష. పెద్దసిస్టరంటే అప్పట్లో ఆ వార్డు హెడ్ నర్సు. ఆవిడ పేరు చెబితే డాక్టర్లు కూడా చొక్కా గుండీలు సర్దుకునేవాళ్ళు. పక్కలమ్మ పనిలో చేరిన మొదటి రోజున ఒక రోగిని గబుక్కున ఎత్తబోతే, ఆవిడ వచ్చి మణికట్టు పట్టుకుంది. ముందు చెప్పు, తరవాత తాకు. చేయి భుజం వెనక్కి దూర్చి ఆగు. వాళ్ళు ఊపిరి లోపలికి తీసినప్పుడు ఒళ్ళు బిగుస్తుంది, వదిలినప్పుడు సడలుతుంది. ఆ సడలినప్పుడు తిప్పు. ఇంతే. నేర్చుకోవడానికి మాత్రం పక్కలమ్మకు రెండేళ్ళు పట్టింది. పెద్దసిస్టరు ఉద్యోగం నుంచి దిగిపోయిన రోజున ఆమె వెక్కివెక్కి ఏడ్చింది, ఆవిడేమో ఛీ పిచ్చిదానా అని కసిరి వెళ్ళిపోయింది.

ఆ తరవాత మూడేళ్ళకు పక్కలమ్మ కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కడం మొదలుపెట్టాయి. మంచం పక్క ఇనుప కడ్డీ మీద మోచెయ్యి ఆనించి రోగి బరువు మొయ్యడం ఆమె అలవాటు. అన్నేళ్ళు ఆ కడ్డీ ఒరుసుకుంటే లోపల నరం ఊరుకుంటుందా? ముందు చీమలు పాకినట్టుండేది. తరవాత ఆ చీమలు కూడా పోయాయి. ఈ సంగతి ఇంట్లో బయటపడ్డ తీరు వేరు. భర్త దర్జీ. ఆయనకు గుండుసూదులు అందిస్తూ అందిస్తూ ఒకటి చిటికెన వేలికి దిగబడితే ఆమె కబుర్లు చెబుతూనే ఉంది. బట్ట మీద నెత్తురు చూసి ఆయన మొహం పాలిపోయింది. ఆసుపత్రిలో ఎవరికీ చెప్పొద్దని ఇద్దరూ అనుకున్నారు. ఆయన చూపు మందగించి పని సగానికి పడిపోయింది. పట్టు లేని ఆయాను వార్డులో ఉంచరు. ఇంటికి ఆమె పనే ఆధారం.

చెప్పలేదు కానీ, రోగుల దగ్గర మోసం చెయ్యలేదు. స్పర్శ లేని వేళ్ళు ఎంత గట్టిగా నొక్కుతున్నాయో తనకే తెలియదు కాబట్టి, ఆ రెంటినీ పైకెత్తి మిగతా మూడు వేళ్ళతోనే పని కానిచ్చేది. తోటి ఆయాలు నవ్వేవాళ్ళు. మా పక్కలమ్మ టీ కప్పు పట్టుకున్న దొరసానిలా రోగిని పట్టుకుంటుందని ఎగతాళి చేసేవాళ్ళు. దొరసానినే మరి, మీ కళ్ళకి ఇన్నాళ్ళకి ఆనానా అని తనూ నవ్వేసేది.

అలా ఐదేళ్ళు గడిచాక ఆసుపత్రి పై అంతస్తులో పరిశోధన గది తెరిచారు. రోగుల పక్కలు మార్చే రోబోను తయారు చేస్తారట. దాన్ని చేసేది ఒక సన్నటి అమ్మాయి, ముప్పై నిండీ నిండని వయసు. పెద్ద చదువు చదివి డాక్టరు అనిపించుకుంది కానీ మందులిచ్చే డాక్టరు కాదు. ఆయాలు వెంటనే మందులివ్వని డాక్టరమ్మ అని పేరు పెట్టేశారు. ఆ అమ్మాయి తండ్రి మూడేళ్ళు మంచం పట్టి పోయాడు. ఆయన్ని తిప్పీ తిప్పీ తల్లి నడుం ఇప్పటికీ నిలబడలేదు. ఇంకే తల్లికీ ఆ గతి పట్టకూడదన్నది ఆ పిల్ల పట్టుదల. పక్కలమ్మకు ఆ పిల్ల నచ్చింది.

రోబోకు నేర్పడానికి మనిషి కావాలి. వార్డంతా గాలించి డాక్టరమ్మ ఎన్నుకున్నది పక్కలమ్మను. వేళ్ళకు తీగలున్న గ్లౌజులు తొడుక్కుని రోజంతా పక్కలు మార్చాలి. మంచం మీద రోగి బదులు ఇసుక నింపిన బొమ్మ ఉంటుంది, ఊపిరి తీస్తున్నట్టు దాని ఛాతీ ఉబ్బి తగ్గుతుంటుంది. ఒక్కో వేలు ఎంత నొక్కిందో గ్లౌజు అంకెల్లో చెబుతుంది, ఆ అంకెలు చూసి రోబో నేర్చుకుంటుంది. ఒకసారి నేర్చుకుంటే ఆ నేర్పును వెయ్యి రోబోలకు ఒక్క నిమిషంలో ఎక్కించవచ్చని డాక్టరమ్మ చెప్పింది. చెప్పొద్దూ, పక్కలమ్మ ఆ రోజు ఇంటికి గాల్లో తేలుతూ వెళ్ళింది. అక్షరమ్ముక్క రాని తన చెయ్యి వెయ్యి ఆసుపత్రుల్లో పనిచేస్తుందట. భర్తకు ఆ మాట నాలుగుసార్లు చెప్పింది, ఆయన ఐదోసారి కూడా విన్నాడు.

తోటి ఆయాలు మాత్రం మొహం మాడ్చుకున్నారు. మన కొంపకు మన చేత్తోనే నిప్పు పెట్టిస్తున్నారు, దానికి నువ్వు అగ్గిపెట్టె అందిస్తున్నావు అన్నారు. ఇప్పటికే నలుగురు ఆయాలు నడుం పోయి ఇళ్ళల్లో కూర్చున్నారు కదా, బరువు అది మోస్తే మీకేం నష్టం అని పక్కలమ్మ వాదించింది. బరువు మొయ్యడానికే కదా మనకు జీతమిచ్చేది అని వాళ్ళన్నారు. ఎవరి మాట వాళ్ళకు నిజమే.

పై అంతస్తులో మొదటి వారమే చిక్కు వచ్చింది. డాక్టరమ్మ తెర మీద అంకెలు చూసి తల గోక్కుంది. కుడిచేతి చివరి రెండు వేళ్ళకు అంకెలు రావడం లేదు. గ్లౌజు పాడైందేమోనని మూడుసార్లు విప్పి చూసింది. చివరికి, "పెద్దమ్మా, ఆ రెండు వేళ్ళు పైకెత్తేస్తున్నారు. అన్నీ ఆనించండి. ఇవి రాకపోతే మనకి పని కుదరదు" అంది.

పక్కలమ్మ చేతులు బొమ్మ మీదే ఆగిపోయాయి. కుదరదు అంటే ఇంకొకరిని తెచ్చుకుంటారన్న మాట. ఎందుకు ఎత్తావని అడుగుతారు, చెయ్యి చూస్తారు, కింద వార్డులో పని కూడా ఊడుతుంది. ఎదురుగా ఉన్నది ఇసుక బొమ్మే కదా. దానికి నొప్పేమిటి, కందేదేమిటి? ఆమె రెండు వేళ్ళూ ఆనించింది. అవి ఎంత నొక్కుతున్నాయో తెలియక, అంకెలు వచ్చేదాకా నొక్కింది. డాక్టరమ్మ మొహం వికసించింది. అంతే, ఆ రోజు నుంచి ఎనిమిది నెలల పాటు రోజుకు రెండు వందల సార్లు అలాగే నొక్కింది.

ఇంకో పొరపాటు కూడా జరిగింది, అది ఆమెకు అప్పుడు పొరపాటు అనిపించలేదు. మొదటి రోజు అలవాటు కొద్దీ బొమ్మతో, తిప్పుతున్నా పెద్దాయనా అనేసింది. డాక్టరమ్మ కింద పనిచేసే కుర్రాళ్ళిద్దరు కిసుక్కున నవ్వారు. పక్కలమ్మకు సిగ్గేసింది. ఇసుక మూటతో మాట్లాడే పిచ్చిదాన్ననుకుంటారని ఆ తరవాత పెదవి విప్పలేదు. విప్పినా గ్లౌజు వినేది వేళ్ళను, మాటలను కాదు.

రోబో వార్డులోకి దిగిన రోజున అందరూ పనులు మానుకుని చూశారు. తెల్లటి ఒళ్ళు, చక్రాలు, మెత్తటి రబ్బరు చేతులు రెండు, చేతికి ఐదేసి వేళ్ళు. చప్పుడు చెయ్యకుండా, తల వంచుకుని, అందరి కళ్ళూ తన మీదే ఉండగా వచ్చింది కాబట్టి ఆయాలు దాన్ని కొత్తకోడలన్నారు. అది మూడో మంచం ముసలాయన భుజం వెనక్కి చెయ్యి దూర్చింది. దూర్చి ఆగింది. ఆయన ఊపిరి వదిలాక తిప్పింది. వార్డు మొత్తం నోరెళ్ళబెట్టింది. పక్కలమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తను కడుపున కన్నది ఎవరూ లేరు, ఇదొక్కటే తన పోలిక అనుకుంది. ఆ మాట పైకి అనలేదు కానీ మనసులో గట్టిగానే అనుకుంది.

రోబో పని గమనించడానికి ఆమెను మళ్ళీ వార్డులోనే ఉంచారు. ఆరు మంచాలు దానికి అప్పగించారు. నాలుగో రోజు ఉదయం మూడో మంచం ముసలాయనకు ఒళ్ళు తుడుస్తుంటే, భుజం వెనక రెండు మచ్చలు కనిపించాయి. నీలంగా, పక్కపక్కనే, ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది. డ్యూటీ నర్సుకు చూపిస్తే, రక్తం పలచబడే మాత్రలు వేస్తున్నాం కదా, ఊరికే కందుతుంది అంది. మర్నాడు ఐదో మంచం మనిషికీ అవే మచ్చలు. ఆయనకు ఆ మాత్రలు వెయ్యడం లేదు. ఆ మర్నాడు ఆరో మంచానికి.

చుట్టూ ఎవరూ లేనప్పుడు పక్కలమ్మ తన కుడిచెయ్యి ఆ మచ్చల మీద ఆనించి చూసింది. ఉంగరం వేలు పెద్ద మచ్చ మీద, చిటికెన వేలు చిన్న మచ్చ మీద సరిగ్గా కూర్చున్నాయి. ఆమె చెయ్యి వెనక్కి లాక్కుని, గబగబా నడిచి, బట్టలు ఉతికే గదిలోకి వెళ్ళి, దుప్పట్ల గుట్ట మీద కూలబడింది.

అక్కడితో మొదలైంది ఆమె నరకం. డాక్టరమ్మ మచ్చల సంగతి విని కంగారుపడి అంకెలన్నీ మళ్ళీ చూసింది. రోబో పెద్దమ్మ చేతిని మించి ఒక్క పిసరు కూడా నొక్కడం లేదు, అంటే తప్పు రోబోది కాదు అని తేల్చుకుంది. పెద్దమ్మ చెయ్యి మీద ఆ పిల్లకు అంత గురి. వచ్చే గురువారం పరిశీలన బృందం వస్తుంది. వాళ్ళు తల ఊపితే ఇదే చెయ్యి యాభై ఆసుపత్రులకు వెళ్తుంది. పక్కలమ్మకు రోబోలకు నేర్పే శాశ్వత ఉద్యోగం ఇస్తారు, కాగితం కూడా సిద్ధమైంది. గాల్లో తేలిన మనిషికి ఇప్పుడు అన్నం సహించడం లేదు.

ఇంట్లో భర్త దగ్గర కక్కేసింది. ఆయన చాలాసేపు కుట్టుమిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. "ఇన్నేళ్ళు పెదవి విప్పలేదు, ఇప్పుడేం ముంచుకొచ్చింది? చిన్న మచ్చలే కదా, వాళ్ళే చూసి దిద్దుకుంటారు" అన్నాడు. మాట గట్టిగానే అన్నాడు కానీ ఆమె కళ్ళల్లోకి చూడలేదు. సూదిలో దారం ఎక్కించమని ఇచ్చాడు. ఆయనకు కనపడదు, ఆమెకు కుడిచేత్తో కుదరదు. ఎడమచేత్తో నాలుగుసార్లు ప్రయత్నించి ఎక్కించింది.

ఆ సోమవారమే వార్డులో రెండో మంచానికి కొత్త రోగి వచ్చింది. ఎడమవైపు పడిపోయిన ముసలావిడ, నెరిసిన జుట్టు, వంకరపోయిన మూతి. పక్కలమ్మ దుప్పటి సర్దబోయి మొహం చూసి నిలబడిపోయింది. పెద్దసిస్టరు. ఏ వార్డులో ఆవిడ అడుగుల చప్పుడుకు అందరూ నిటారుగా నిలబడేవాళ్ళో, ఆ వార్డులోనే ఆవిడకు తన చెయ్యి తను ఎత్తుకునే దిక్కు లేదు. ఆవిడ కుడికన్ను ఆమెను గుర్తుపట్టింది. ఒకవైపు పెదవి కదిలింది. అది నవ్వే.

రెండో మంచం రోబోకు అప్పగించిన ఆరింటిలో ఒకటి. ఇది నేను చేస్తానని పక్కలమ్మ నర్సును బతిమాలింది. బృందం వచ్చేదాకా లెక్క తప్పకూడదు, ఆ మంచాల్లో పక్కలు మనుషులు మార్చడానికి వీల్లేదు అంది నర్సు. కాబట్టి పక్కన చేతులు కట్టుకుని నిలబడి చూడాల్సి వచ్చింది. కొత్తకోడలు మాట లేకుండా వచ్చి భుజం వెనక్కి చెయ్యి దూర్చింది. హఠాత్తుగా తగిలిన ఆ చేతికి పెద్దసిస్టరు ఉలిక్కిపడింది. రోబో ఊపిరి కోసం ఆగింది. ఆవిడ కన్ను విప్పారింది. తిప్పేటప్పుడు నొసలు ముడిపడింది.

బుధవారం మధ్యాహ్నం పెద్దసిస్టరు దగ్గరికి రమ్మని కంటితో సైగ చేసింది. మాట ముద్దగా, ఒక్కొక్కటే వస్తోంది. పక్కలమ్మ చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టింది.

"అది నీ చెయ్యే" అంది పెద్దసిస్టరు.

ఊపిరికి ఆగడం చూసి పోల్చుకుందనుకుని పక్కలమ్మ తల ఊపింది. ఆవిడ ఇంకా చెప్పాల్సింది ఉన్నట్టు కళ్ళు మూసి, గాలి పీల్చుకుని, మళ్ళీ మొదలుపెట్టింది.

"మూడు వేళ్ళు వింటున్నాయి. రెండు చెవిటివి. ఎన్నాళ్ళయిందే?"

ఐదేళ్ళుగా రోజూ పక్కనే పనిచేసినవాళ్ళు పట్టుకోలేనిది, అంకెలు పట్టుకోలేనిది, మంచాన పడ్డ ముసలావిడ వీపు పట్టుకుంది. పక్కలమ్మకు అబద్ధం ఆడాలన్న ఆలోచన కూడా రాలేదు. ఇనుప కడ్డీ దగ్గర మొదలుపెట్టి గ్లౌజు దాకా అంతా చెప్పేసింది. నా వల్ల మీకే దెబ్బ తగిలింది సిస్టరమ్మా అని ఆవిడ పనిచేసే చేతిని కళ్ళకు అద్దుకుంది. తిడుతుందని ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది.

"నేను నర్సుని. చెప్పగలిగాను. పక్క మంచం ఆయన చెప్పలేడు" అంది పెద్దసిస్టరు. కాసేపాగి, "నేను ఎవరికీ చెప్పను. నువ్వే చెప్పు" అని కళ్ళు మూసుకుంది.

పక్కలమ్మ మెట్లెక్కింది. లిఫ్టు ఉంది, కానీ మెట్లయితే కాస్త ఆలస్యమవుతుంది. ఒక్కో మెట్టు దగ్గరా శాశ్వత ఉద్యోగం కాగితం కనపడింది, కుట్టుమిషను చక్రం మీద భర్త చెయ్యి కనపడింది. ఒక మలుపులో ఆగి వెనక్కి కూడా తిరిగింది. వెనక్కి తిరిగితే మూడో అంతస్తు, అందులో ఐదో మంచం మనిషి. ఆయన పెదవులు కదలవు, కళ్ళు తెరిచి పైకప్పు చూస్తుంటాడు. రేపు తలలు ఊపితే యాభై ఆసుపత్రుల్లో అలా పైకప్పు చూసేవాళ్ళు ఎందరో. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని పైకి ఎక్కింది.

పరిశోధన గదిలో డాక్టరమ్మ రేపటి ఏర్పాట్లలో తలమునకలుగా ఉంది. పక్కలమ్మ బల్ల మీద కుడిచెయ్యి పరిచి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఏ వేలు ముట్టుకుంటున్నారో చెబుతాను, ముట్టుకోండమ్మా అంది. డాక్టరమ్మ ఇదేదో వేళాకోళమనుకుంది. బొటనవేలు ముట్టుకుంటే బొటనవేలు అంది, చూపుడువేలు ముట్టుకుంటే చూపుడువేలు అంది. తరవాత చాలాసేపు మౌనం. ఇంకా ముట్టుకోలేదా అని పక్కలమ్మ అడిగింది. జవాబు లేకపోయేసరికి కళ్ళు తెరిచింది. డాక్టరమ్మ ఆమె చిటికెన వేలిని రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టుకుని ఉంది.

"మరి నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా?"

"అంకెలు రావట్లేదన్నారు. తెచ్చిచ్చాను."

ఆ పిల్ల కుర్చీలో కూర్చుండిపోయింది. కోప్పడలేదు. ఎనిమిది నెలల పని, పై వాళ్ళకిచ్చిన మాట, తల్లి నడుం, అన్నీ ఆ మొహంలో ఒకదాని వెంట ఒకటి కదిలాయి. నేను అడగాల్సింది, ఎందుకు ఎత్తుతున్నారని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది అని తనలో తను అనుకుంది. ఆ తరవాత చాలా మెల్లగా, కారణం రాయకుండా రేపటి పరిశీలన ఆపలేననీ, కారణం రాస్తే మీ చెయ్యి గురించి రాయకుండా కుదరదనీ చెప్పింది. పక్కలమ్మకు అది తెలిసే మెట్లెక్కింది. రాయండమ్మా అంది.

పరిశీలన ఆగిపోయింది. డాక్టరమ్మకు పై వాళ్ళ నుంచి ఎన్ని చీవాట్లు పడ్డాయో ఆమెకే తెలియాలి. పక్కలమ్మను ఆసుపత్రి వాళ్ళే పరీక్ష చేయించి, రోగులను ఎత్తే పనికి పనికిరాదని కాగితం చేతిలో పెట్టారు. వేరే పని ఇవ్వడానికి ఖాళీలు లేవన్నారు. అన్నిటికంటే ఆమెను పొడిచింది తోటి ఆయాల సంతోషం. కావాలనే రోబోకు తప్పు నేర్పిందని వాళ్ళ మధ్య ఒక కథ పుట్టింది. ఎవరు పుట్టించారో గానీ వార్డు వార్డూ తిరిగింది. గేటు దగ్గర ఇద్దరొచ్చి కావలించుకుని, భలే దెబ్బ కొట్టావక్కా, ఇంతకాలం నిన్ను అపార్థం చేసుకున్నాం అన్నారు. దెబ్బ తగిలింది ఎవరికో మీరు వెళ్ళి వీపులు చూడండి అని ఆమె చేతులు విదిలించుకుని వచ్చేసింది. ఎనిమిది నెలలు తిట్టినప్పుడు కూడా ఆమెకు అంత కోపం రాలేదు.

ఇంట్లో భర్త మిషను పక్కన ఆమెకూ ఒక పీట వేశాడు. కాజాలు కుట్టే పని నేర్పిస్తానన్నాడు. ఎడమచేత్తోనా అంటే, ఎడమచేత్తోనే, నీకు రానిదేముంది అన్నాడు. ఆ మాటకు ఆమె వంటగదిలోకి వెళ్ళి కాసేపు అక్కడే ఉంది.

ఐదు వారాల తరవాత, చూడవచ్చేవాళ్ళను లోపలికి వదిలే వేళకు, పక్కలమ్మ పెద్దసిస్టరు దగ్గరికి వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ చీటీ అడిగాడు. ఇరవయ్యారేళ్ళు అదే గేటు చీటీ లేకుండా దాటిన మనిషి, చీటీ రాయించుకుని లోపలికి వెళ్ళింది. వార్డులో అప్పట్లో పగటి పూట ఆరుగురు ఆయాలుండేవాళ్ళు. ఇప్పుడు ఇద్దరే కనపడ్డారు. కొత్తకోడలు మాత్రం ఉంది. దాని కుడిచేతి చివరి రెండు వేళ్ళు పైకి మడిచి బిగించేశారు. డాక్టరమ్మ ఆ రెండు వేళ్ళ అంకెలను తీసేసి, మిగతా మూడింటితో మళ్ళీ పరీక్షలు పెట్టిందట. బృందం వచ్చింది, చూసింది, తల ఊపింది. అదిప్పుడు ఇరవై మంచాలకూ తిరుగుతోంది. టీ కప్పు పట్టుకున్న దొరసానిలా ఉంది.

పెద్దసిస్టరు వీపు మీద మచ్చలు పోయాయి. పక్కలమ్మ రవిక పక్కకు జరిపి తనే చూసింది. బాగా తిప్పుతోందా అని అడిగితే, ఆవిడ కన్ను అవునంది. కాసేపటికి ముద్దమాటల్లో, "కానీ చెప్పదు. ప్రతిసారీ ఉలిక్కిపడతాను" అంది.

పక్కలమ్మకు ఆనాడు పై అంతస్తులో కుర్రాళ్ళిద్దరూ కిసుక్కున నవ్విన నవ్వు చెవిలో మోగింది. ఎనిమిది నెలలు తను నోరు మూసుకుని నేర్పిన చదువు అది. వేళ్ళ తప్పు బయటపడింది కాబట్టి దిద్దారు. ఇది ఎవరికీ తప్పుగా కనపడదు, దీనికి మచ్చ పడదు.

కొత్తకోడలు రెండో మంచం దగ్గరికి వచ్చింది. రోగిని తిప్పే హక్కు పక్కలమ్మకు ఇప్పుడు లేదు, కాగితంలో అలాగే రాసి ఉంది. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వంగి, పాత గొంతుతో, "తిప్పుతున్నా సిస్టరమ్మా, ఊపిరి వదలండి" అంది. రబ్బరు చెయ్యి భుజం వెనక్కి వెళ్ళి ఆగింది. పెద్దసిస్టరు ఉలిక్కిపడలేదు. ఊపిరి వదిలింది. చెయ్యి తిప్పింది.

మూడో మంచం ముసలాయనకు కూడా కుర్చీలో నుంచే చెప్పింది. నాలుగో మంచం కోసం లేచి నిలబడింది. ఐదో మంచం దగ్గరికి రోబో వెళ్ళేసరికి గంట కొట్టారు, చూడవచ్చినవాళ్ళంతా బయటికి వెళ్ళాలి. వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఆమె నడుస్తూనే ఐదో మంచం పక్క నుంచి వెళ్తూ, తిప్పుతున్నా నాయనా అని చెప్పింది. పైకప్పు చూస్తున్న ఆ కళ్ళు ఆమె వైపు తిరిగాయి. అన్నాళ్ళలో ఆయన కళ్ళు కదలడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె ఆగబోయింది. టైమైంది పెద్దమ్మా అని వాచ్‌మన్ మర్యాదగానే అని, ఆమె బయటికి రాగానే తలుపు వేశాడు. రోబో ఆరో మంచం దగ్గరికి జరగడం తలుపు అద్దంలోంచి కనపడింది.